స్టెప్నీలో దొరికిన జవాబు: బోటు ట్రైలర్ లాగే పికప్‌కు టైర్ల ఎంపిక

నవంబరు మూడో వారంలో ఒక రాత్రి, షట్టర్ దించే వేళకు మా షాపు ముందు ఒక డబుల్ క్యాబ్ పికప్ వచ్చి ఆగింది. మూడు చక్రాలకు వెడల్పాటి టైర్లు, మెరిసే అల్లాయ్ వీల్స్. వెనక ఎడమ చక్రం మాత్రం వేరు. తుప్పు పట్టిన ఇనుప డిస్కు, దాని మీద సన్నటి టైరు. బండి వెనక హుక్కుకు ట్రైలర్, దాని మీద టార్పాలిన్ కప్పిన ఫైబర్ బోటు.

డ్రైవర్‌కి యాభై దాటి ఉంటాయి. దిగీ దిగగానే నీళ్లు అడిగాడు. తాగాక చెప్పాడు: "ఎనక టైరు బటన్ లేచిపోనాది సార్. బోటు రోడ్డుకి అడ్డంగా ఊగిపోనాది. ఎదర బస్సు లేదు కాబట్టి బతికాం." బటన్ అంటే రోడ్డును తాకే టైరు పై రబ్బరు పొర.

విశాఖ రుషికొండ దగ్గర బోట్లు నడిపే ఒకాయన బండి అది. చలికాలంలో లంబసింగికి జనం ఎక్కువగా వెళ్తారు కాబట్టి, ఆ రోజుల్లో ఒక బోటును తాజంగి రిజర్వాయరుకు తీసుకెళ్తుంటారు. అనకాపల్లి మీదుగా తాళ్లపాలెం జంక్షన్, అక్కడి నుంచి నర్సీపట్నం, ఆ తర్వాత డౌనూరు దాటితే లంబసింగి ఘాట్. ఈసారి నర్సీపట్నం దాటాక, ఘాట్ ఇంకా మొదలు కాకముందే వెనక ఎడమ టైరు పోయింది. అది ఘాట్ దిగేటప్పుడు జరిగి ఉంటే నేను ఈ కేసు రాసేవాణ్ణే కాదు. స్టెప్నీ బిగించుకుని, నలభై మించకుండా గాజువాక ఆటోనగర్ దాకా వెనక్కి వచ్చారు. పద్నాలుగు నెలల్లో ఆ బండికి వెనక టైర్లు పాడవడం ఇది రెండోసారి.

యజమాని మర్నాడు పొద్దున్నే వచ్చారు. ఆయన అడిగింది ఒక్కటే. "అన్నా, ఈ మామూలు టైర్లు లాభం లేదు. పెద్ద బటన్ ఉన్న ఆల్ టెర్రైన్ ఎల్‌టీ టైర్లు నాలుగు వేసెయ్. ఖర్చు గురించి చూడకు." ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ రకం, ఆల్ టెర్రైన్ అంటే మట్టి, ఇసుక దారుల్లోనూ నడిచేది.

ఖర్చు చూడనన్న కస్టమర్‌కి టైర్లు అమ్మడం చాలా తేలిక. కానీ ఆ బండి మీద నలుగురు మనుషులు, వెనక ఒక బోటు ఉంటాయి. పాత టైరు ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేస్తే, ఇంకో పద్నాలుగు నెలలకు అదే మనుషులు అదే రోడ్డు మీద అలాగే నిలబడాలి. అందుకే ఆ రోజు ఏ టైరూ అమ్మలేదు. సగం రోజు టైమివ్వమని అడిగాను.

పోయిన టైరు ఏం చెప్పింది

టైరు పేలితే చాలామంది దాన్ని రోడ్డు పక్కనే వదిలేసి వస్తారు. ఈ డ్రైవర్ జాగ్రత్తగా బండిలో వేసుకొచ్చాడు. ఆయన చేసిన ఆ ఒక్క పని వల్లే మా పని సగం తేలికైంది.

బటన్ ఒక మూర పొడవున పట్టీలా ఊడి వేలాడుతోంది. దాని కింద స్టీల్ బెల్టు తీగలు కనిపిస్తున్నాయి. మేకు గానీ, రాయి కోసిన గాటు గానీ ఎక్కడా లేదు. మిగిలి ఉన్న చోట గేజ్ పెట్టి లోతు కొలిచాను. మధ్యలో 6.5 మిల్లీమీటర్లు, రెండు అంచుల్లోనూ 3. మధ్య భాగం నిలబడి రెండు అంచులూ అరిగాయంటే టైరు మధ్యలో లోపలికి లొంగి అంచుల మీద నడిచిందని అర్థం. గాలి తక్కువైనా అలాగే అవుతుంది, బరువు ఎక్కువైనా అలాగే అవుతుంది. నిజానికి టైరుకు ఈ రెండూ ఒకటే. మోసే బరువుకు చాలినంత గాలి లేదన్నదే అసలు సంగతి.

తర్వాత టైరును డిస్కు నుంచి విప్పి లోపల చెయ్యి పెట్టాను. వేళ్లకు మెత్తటి నల్లటి పొడి అంటుకుంది, కాటుకలాగా. లోపలి పొర మీద, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) వంగే చోట చుట్టూ సన్నటి ముడతలు. గాలి తక్కువగా ఉన్న టైరు తిరిగే కొద్దీ సైడ్‌వాల్ ప్రతి చుట్టుకీ మడతపడి తెరుచుకుంటుంది. ఆ మడతలో వేడి పుడుతుంది. రబ్బరు లోపల రాసుకుని పొడి అవుతుంది. బెల్టుకూ బటన్‌కూ మధ్య పట్టు ఆ వేడికే వదులుతుంది. జనం "ఎండకి పేలింది" అంటారు గానీ, ఈ టైరును చంపింది బయటి ఎండ కాదు, లోపల పుట్టిన వేడి.

అల్లాయ్ డిస్కు అంచు కూడా చూశాను. టైరు కూర్చునే చోట తెల్లటి పొక్కులు. ఉప్పునీళ్ల పని అది. బోటు దించడానికి బండిని వెనక్కి నీళ్లలోకి దింపుతారు, వెనక చక్రాలు సముద్రపు నీళ్లలో తడుస్తాయి. ఆ పొక్కుల సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. "ఎడమదానికి వారానికోసారి గాలి కొట్టించుకోవాల్సి వస్తంది" అని డ్రైవర్ అన్నాడు. పంచర్ షాపుల్లో రెండుసార్లు నీళ్ల తొట్టిలో ముంచి చూసినా ఏమీ దొరకలేదట. మేకు కోసం బటన్ వైపే చూస్తే రిమ్ము అంచులో బుడగలు కనపడవు.

సన్న టైరే సరైన టైరు

నా చూపు మళ్లీ మళ్లీ ఆ స్టెప్నీ మీదికే పోయింది. అది కంపెనీ నుంచి బండితో పాటు వచ్చింది. ఆ బండి యజమానికి సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. మొదటి ఓనరు అందం కోసం నాలుగు చక్రాలకు అల్లాయ్‌లు, వెడల్పాటి టైర్లు వేయించాడు. కింద గొలుసుకు వేలాడే స్టెప్నీని ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అది అలాగే మిగిలిపోయింది.

దాని మీద 205 ఆర్16సీ, 110/108 అని ఉంది. వెడల్పు టైర్ల మీద 235/70 ఆర్16, 106 అని ఉంది. పొడవుగా ఉండే ఈ రాతలో మొదటి అంకె వెడల్పు. జనం చూసేది అదే. బరువు మోసే లెక్క చివరన ఉండే చిన్న అంకెలో, అంటే లోడ్ ఇండెక్స్‌లో ఉంటుంది. 106 అంటే ఒక టైరు 950 కిలోలు మోస్తుంది. 110 అంటే 1060 కిలోలు. పక్కన ఉన్న 108 జంట టైర్లు వేసే బండ్లకు, అప్పుడు ఒక్కోదానికి 1000 కిలోలు. అంటే చూడ్డానికి బక్కగా ఉన్న టైరు, బలంగా కనిపించే టైరు కన్నా 110 కిలోలు ఎక్కువ మోస్తుంది. కొలత చివర ఉన్న 'సీ' అక్షరం కమర్షియల్ అన్నదానికి గుర్తు. ఆ సన్న టైరు మీద 8 ప్లై రేటింగ్ అనీ, గరిష్ఠంగా 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అనీ కూడా ఉంది. ఈ రోజుల్లో ప్లై రేటింగ్ అంటే లోపల నిజంగా ఎనిమిది పొరలున్నాయని కాదు, అంత బలం ఉందని.

ఇంకో గుర్తు కూడా యజమానికి చూపించాను. మన దేశంలో అమ్మే టైర్ల మీద ఐఎస్‌ఐ మార్కు, దాని దగ్గర ఒక నంబరు ఉంటాయి. వెడల్పు టైరు మీద ఐఎస్ 15633 అని ఉంది. అది కారు టైర్ల ప్రమాణం. సన్న టైరు మీద ఐఎస్ 15636. అది కమర్షియల్ వాహనాల టైర్ల ప్రమాణం. అంకెల మీద అనుమానం వచ్చినప్పుడు నేను ఈ నంబరే చూస్తాను.

కారు టైరును పికప్‌కు వేసినప్పుడు దాని మీద రాసిన బరువును యథాతథంగా తీసుకోకూడదు. 1.1తో భాగించి తగ్గించుకోవాలన్నది అమెరికాలో పాటించే నియమం. మన దగ్గర ఎవరూ ఈ లెక్క వెయ్యరు గానీ, ఇందులో తెలివి ఉంది. కారులో బరువు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది, పికప్‌లో ఎక్కించేది ఎక్కించినట్టు మారిపోతుంది. ఆ లెక్కన 950 కాస్తా 863 అయింది.

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంది. సగం చెరిగిపోయింది, తడి గుడ్డతో తుడిస్తే కనపడింది. 205 ఆర్16సీ. లోడ్‌తో ఉన్నప్పుడు వెనక టైర్లకు 54 పీఎస్‌ఐ. బండి చేసినవాళ్లు తలుపు మీద రాసిపెట్టిన జవాబు అది. పదకొండేళ్లుగా ఆ తలుపు తెరుస్తూ మూస్తూ ఉన్నారు.

కాటా మీద

ఏ బండికైనా, ముఖ్యంగా వెనకాల ఇంకోదాన్ని లాగే బండికి, టైరు ఎంచుకోవడం వేబ్రిడ్జి కాటా దగ్గర మొదలు కావాలి. యజమానికి ఇది వింతగా అనిపించింది. "టైర్లకి కాటా ఏటండీ" అన్నారు. అయినా వచ్చారు. తాజంగి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే రమ్మన్నాను: నలుగురు మనుషులు, పెట్రోలు డబ్బాలు, లైఫ్ జాకెట్లు, పనిముట్లు, ట్రక్కులో (పికప్ వెనక తొట్టిలో) స్పేర్ ఇంజను, ట్యాంకు నిండా డీజిల్.

ముందు ట్రైలర్ విప్పేసి తూచాం. ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద 1120 కిలోలు, వెనక యాక్సిల్ మీద 1440. తర్వాత ట్రైలర్ తగిలించి, ట్రైలర్ చక్రాలు కాటా బయటే ఉంచి మళ్లీ తూచాం. ముందు 1030, వెనక 1760.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మొత్తం బరువు 2560 నుంచి 2790కి పెరిగింది. అంటే ట్రైలర్ ముక్కు హుక్కు మీద మోపుతున్న బరువు 230 కిలోలు. మరి వెనక యాక్సిల్ మీద 320 ఎందుకు పెరిగింది? ఆ అదనపు 90 ఎక్కడిది? ముందు యాక్సిల్ నుంచి వచ్చింది. హుక్కు వెనక చక్రాలకు ఇంకా 1.25 మీటర్ల వెనక ఉంది. అక్కడ బరువు పడితే వెనక యాక్సిల్ మధ్య ఆధారంలా పనిచేసి, బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. పిల్లలు చెరో పక్క కూర్చుని ఆడే తూగుడు బల్ల లాంటిదే. ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఈ బండికి 3.1 మీటర్లు. 1.25ను 3.1తో భాగించి 230తో గుణిస్తే దాదాపు 93 వస్తుంది. కాటా చెప్పిన 90కీ దానికీ పెద్ద తేడా లేదు. వెనక టైర్లు మోసేది హుక్కు మీది బరువు ఒక్కటే కాదు, దాదాపు దానికి 1.4 రెట్లు. అటు ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగ్ తేలిపోతుంది. "బోటు తగిలిస్తే స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతంది" అని డ్రైవర్ ఎప్పట్నుంచో అంటున్నాడట. అదేదో మంచిదే అనుకున్నారు.

1760ని రెండుతో భాగిస్తే 880. కారు టైరు అసలు లెక్కకు లోపలే కదా అనిపిస్తుంది. కానీ బరువు రెండు పక్కలా సమానంగా పంచుకుంటుందని ఎవరన్నారు? ఎడమ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా బండిని పక్కకు నిలబెట్టి, ముందు చక్రం దాటించి వెనకది ఒక్కటే తూచాం. ఎడమ వెనక చక్రం మీద 930, కుడి మీద 830. పెట్రోలు డబ్బాలు, స్పేర్ ఇంజను రెండూ ట్రక్కులో ఎడమ పక్కనే కట్టేస్తున్నారు, దించుకోవడానికి వీలుగా ఉంటుందని.

ఎక్కువ బరువున్న చక్రమే రిమ్ము అంచులోంచి గాలి పోగొట్టుకుంటున్న చక్రం కూడా. ఇంతవరకూ తెలిశాక కూడా నాకు పూర్తి తృప్తి లేదు. ఇంత ఉన్నా టైరు ఇంకొన్ని నెలలు లాగాలి. ఆ రోజే ఎందుకు పోయింది?

బంకు దగ్గర తీసేసిన గాలి

డ్రైవర్‌ని ఆ రోజు పొద్దున్నుంచీ జరిగింది వరసగా చెప్పమన్నాను. రుషికొండలో బయల్దేరేముందు 33 పెట్టించాడు. అనకాపల్లి దగ్గర పెట్రోలు బంకులో ఆగి గాలి చూపిస్తే వెనక టైరులో 40 చూపించింది. "ఎండకి గాలి ఎక్కువైపోనాది, పేలిపోద్దని తీయించేశాను" అన్నాడు. మళ్లీ 33కి దించారు.

నేను కాగితం తీసి లెక్క వేశాను. 33 నుంచి 40కి ఎక్కడమంటే లోపలి గాలి డెబ్భై డిగ్రీలు దాటిందని. ఆ వేడి మీద గాలి తీసేసి 33 చేస్తే, అదే టైరు చల్లారాక ఉండేది 27 మాత్రమే. టైరు మీద రాసిన 950 కిలోల సామర్థ్యం 36 పీఎస్‌ఐ దగ్గర. గాలి తగ్గే కొద్దీ మోసే శక్తీ తగ్గుతుంది. 27 దగ్గర అది 755 కిలోల చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆ చక్రం మోస్తున్నది 930. అక్కడి నుంచి తాళ్లపాలెం, నర్సీపట్నం అంతా ఆ టైరు ప్రతి చుట్టుకీ మడత పడుతూ ఇంకా ఇంకా వేడెక్కింది.

డ్రైవర్ ముఖం వాడిపోయింది. తప్పు ఆయనది అనుకోవడం నాకు ఇష్టం లేదు. వేసవిలో గాలి తగ్గించుకోవాలని మన రోడ్ల మీద ప్రతి రెండో మనిషీ చెబుతాడు. గాలి పట్టే కుర్రాళ్లకు కూడా ఎవరూ నేర్పలేదు. స్టిక్కర్ల మీద ఉండే అంకె చల్లటి టైరుది: బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక చూసే అంకె. పరుగు మీద ఉన్న టైరులో గాలి పెరగడం దాని సహజం. పెరుగుదల మరీ ఎక్కువగా ఉంటే, ఈ బండికి 33 నుంచి 40 అంటే ఇరవై శాతం పైనే, అది టైరు పెట్టే మొర. బరువు ఎక్కువైంది లేదా గాలి చాల్లేదు అని. దానికి మందు ఇంకా గాలి తీయడం కాదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా రెండుసార్లు చెప్పాను.

ఏది వెయ్యాలి

యజమాని అడిగిన ఎల్‌టీ ఆల్ టెర్రైన్ టైర్లు ముందు చూశాం. 235/70 ఆర్16 కొలతలో నా దగ్గరున్న ఎల్‌టీ టైరు మీద లోడ్ ఇండెక్స్ 104/101. అంటే ఒక్కోటి 900 కిలోలు, అదీ 50 పీఎస్‌ఐ కొడితేనే. ఎత్తయిన బటన్, మందమైన సైడ్‌వాల్, పులి పంజా లాంటి రూపం, అన్నీ ఉన్నాయి. ఎడమ చక్రం మోస్తున్న 930కి చాలదు. యజమాని ఆ అంకెను తన చేత్తో తడిమి చూశారు. ఎల్‌టీ టైరు అంటే కారు టైరు కన్నా ఎక్కువ మోస్తుందని గుడ్డిగా అనుకోవద్దు. కొన్ని ఎల్‌టీ టైర్లు ఎక్కువే మోస్తాయి, కానీ అంకె చూడకుండా చెప్పలేం. పైగా దానికి కారు టైరుకు కొట్టే 33 పీఎస్‌ఐ కొడితే కారు టైరు కన్నా తక్కువ మోస్తుంది.

బోటు దించే చోట ఇసుకలో పట్టు ఉండాలి కదా అన్నది ఆయన వాదన. న్యాయమైన వాదనే. కానీ ఎండు ఇసుకలో పెద్ద బటన్ టైరు తవ్వుకుని దిగబడుతుంది. ఇసుకలో కావలసింది గాలి తగ్గించి టైరును పరచడం, నడక వేగంతో పోవడం, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపడం. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి కొనిపించాను. ఇక నాచు పట్టిన సిమెంటు ర్యాంపు మీద ఏ బటనూ పట్టు ఇవ్వదు. అక్కడ గోనె సంచులు పరవాల్సిందే. ఏడాదిలో ఈ బండి ఇసుక మీద నడిచేది మహా అయితే కొన్ని కిలోమీటర్లు. మిగతాదంతా హైవే, ఘాట్ తారు రోడ్డు. ట్రైలర్ లాగేటప్పుడు ఎత్తు బటన్లు పక్కలకు మెలితిరుగుతాయి, వెనక బోటు ఊపుకు అది తోడవుతుంది. గీతల్లాంటి సాదా బటన్, గట్టి సైడ్‌వాల్ ఉన్న టైరే వెనక బరువును నిలకడగా పట్టి ఉంచుతుంది.

ఇంకా పెద్ద కొలత వేద్దామా అన్న మాట కూడా వచ్చింది. చక్రం ఎత్తు పెరిగితే గేరు పొడవైనట్టే. లంబసింగి ఎక్కేటప్పుడు ఇంజను ఇంకా కష్టపడాలి, దిగేటప్పుడు బ్రేకులు ఇంకా ఎక్కువ పట్టాలి, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. అది అక్కడితో వదిలేశాం.

చివరికి తలుపు మీద ఉన్నదే వేశాం. 205 ఆర్16సీ, 110/108, ఐదు టైర్లు, స్టెప్నీతో సహా. అదృష్టం ఏమిటంటే ఈ టైరూ ఆ వెడల్పు టైరూ ఎత్తులో దాదాపు ఒకటే, 735 మిల్లీమీటర్ల దగ్గర. కాబట్టి స్పీడోమీటరు, గేరు లెక్కలు మారలేదు. పాత స్టెప్నీ బటన్ చెక్కు చెదరలేదు, "ఇది వాడుకుందాం కదా" అన్నారు. దాని తేదీ అంకె 3614. 2014లో 36వ వారం. పదేళ్లు దాటిన రబ్బరును బోటు లాగే బండికి వెయ్యనని చెప్పేశాను. సైడ్‌వాల్ వంచి చూపిస్తే సన్నటి బీటలు ఆయనకే కనపడ్డాయి.

చిక్కు డిస్కుల దగ్గర వచ్చింది. ఆ అల్లాయ్‌లు 8 అంగుళాల వెడల్పువి. 205 టైరుకు అవి మరీ వెడల్పు. ఎలాగోలా బలవంతంగా ఎక్కించే షాపులున్నాయి, నేను ఎక్కించను. అదే మోడల్ ఇనుప డిస్కులు ఐదు వెతికించి, పొక్కులు గీకించి, పౌడర్ కోటింగ్ వేయించాం. నాలుగు రోజులు ఆలస్యమైంది. వాల్వులు కూడా మార్చాం. మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్‌ఐ దాకానే పనికొస్తుంది. 54 కొట్టి, వేడికి ఇంకో ఐదారు పెరిగితే ఆ హద్దుకు మరీ దగ్గర, అందుకే లోహపు వాల్వులు వేశాను.

"మరీ సన్నగా ఉన్నాయన్నా, బండి అందం పోయింది" అని యజమాని అన్నారు, బాధగానే. నేను కాదనలేదు. నిజంగానే పోయింది.

బోటు జరపడం

టైరు మార్చి ఊరుకుంటే పని సగమే. 1350 కిలోల ట్రైలర్‌కు హుక్కు మీద 230 అంటే పదిహేడు శాతం. పది నుంచి పదిహేను మధ్య ఉండాలి. పదికన్నా తగ్గితే ఇంకో ప్రమాదం, ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అందుకే పూర్తిగా తేలిక చెయ్యకుండా 150కి తెచ్చాం. దాదాపు పదకొండు శాతం. హుక్కు నుంచి ట్రైలర్ చక్రాలకు 4.2 మీటర్లు, బోటు బరువు 950 కిలోలు. ముందున్న ఆపు దిమ్మను 35 సెంటీమీటర్లు వెనక్కి వెల్డింగ్ చేయిస్తే బోటు అంత వెనక్కి కూర్చుంది, హుక్కు మీద 80 తగ్గింది. ఆ 80 ఎక్కడికీ పోదు, ట్రైలర్ చక్రాల మీదికి పోతుంది. వాటికున్న 185 ఆర్14సీ టైర్లు ఒక్కోటి 850 మోస్తాయి, మీద పడేది 600. ఫర్వాలేదు.

ట్రక్కులో పెట్రోలు డబ్బాలు కుడి పక్కకు, ఇంజను క్యాబిన్ గోడకు ఆనుకుని మధ్యలో. మళ్లీ కాటా. ముందు 1060, వెనక 1650. ఎడమ 830, కుడి 820. సన్న టైరుకు ఈ బరువుకు 48 పీఎస్‌ఐ సరిపోతుంది. స్టిక్కరు చెప్పిన 54 అంతకన్నా పైనే ఉంది, కాబట్టి అదే పెట్టాం. ముందు 38. బోటు లేకుండా ఖాళీగా తిరిగే రోజుల్లో వెనక కూడా 38, లేకపోతే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. ఈ అంకెలన్నీ ఒక అట్ట మీద రాసి, లామినేషన్ చేయించి, డ్రైవర్ ఎండకు అడ్డంగా దించుకునే పలక వెనక అంటించాను.

ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉంది, బండి నెమ్మదించినప్పుడు ముక్కు లోపలికి నొక్కుకుని పట్టే రకం. ఉప్పుకు తుప్పు పట్టి కదలడమే లేదు. ఇన్నాళ్లూ 1350 కిలోలను బండి బ్రేకులే ఆపుతున్నాయన్నమాట. అది నా పని కాదు, పక్కనే ఉన్న బ్రేకు మెకానిక్‌కు అప్పగించాను. అది బాగయ్యేదాకా ఘాట్ ఎక్కవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. సముద్రంలో దించే ముందు హబ్బులు (చక్రం మధ్యలో బేరింగ్ ఉండే భాగాలు) చల్లారేదాకా ఆగాలి, తీశాక మంచినీళ్లతో చక్రాలూ బ్రేకులూ కడగాలి. వేడి హబ్బు చల్లటి నీళ్లలో మునిగితే లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది, బేరింగ్ గ్రీజు పాడవుతుంది.

తర్వాత

డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఆరింటికి ఫోను. డ్రైవర్, తాజంగి నుంచి. కంగారుగా ఉన్నాడు. "గాలి దిగిపోనాది సార్. నిన్న 54 ఉన్నది ఇప్పుడు 51 కూడా లేదు."

ఒక్క టైరా, నాలుగూ దిగాయా అని అడిగాను. నాలుగూ అన్నాడు. ముందువి కూడా రెండేసి దిగాయి. అయితే కంగారు లేదన్నాను. నాలుగూ ఒకే తీరున దిగితే అది చలి, ఒక్కటే దిగితే అది లీకు. మా షాపులో గాలి పట్టినప్పుడు ముప్పై డిగ్రీలు, అక్కడ ఆ పొద్దున ఎనిమిదో తొమ్మిదో. అంత తేడాకు ఈ టైరులో ఐదు పీఎస్‌ఐ దాకా పడాలి. లంబసింగి వైపు వెయ్యి మీటర్ల ఎత్తులో బయటి గాలి పలచగా ఉంటుంది కాబట్టి గేజ్ మీద ఒకటిన్నర తిరిగి పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ కలిపితే ఆయన చూసిన అంకె సరిపోయింది. ఈ బరువుకు కావలసింది 48, ఇంకా దాని మీదే ఉంది. ఏమీ ముట్టుకోవద్దు, మెల్లగా చిన్న గేర్లో ఘాట్ దిగండి అన్నాను. కింద నర్సీపట్నంలో టీకి ఆగినప్పుడు మళ్లీ ఫోను చేశాడు. 58 ఉందట. "తీయించలేదు సార్" అని తనే ముందుగా చెప్పాడు.

మొదటి వంద కిలోమీటర్లకు నట్లు మళ్లీ బిగించాం. ఎనిమిది నెలలకు, తొమ్మిది వేల కిలోమీటర్లు దాటాక లోతు కొలిస్తే వెనక టైర్లకు మధ్యలో 7.3, అంచుల్లో 7.4 మిల్లీమీటర్లు. అంచులు అరగడం ఆగింది. స్టీరింగ్ ఇదివరకటిలా తేలడం లేదని, బోటు తగిలించినా బండి రోడ్డును పట్టుకునే ఉందని డ్రైవర్ చెప్పాడు. ఎడమ వెనక టైరుకు వారం వారం గాలి కొట్టించే పని కూడా తప్పింది.

ట్రైలర్ టైర్ల తేదీ అంకెలు కూడా ఆ రోజే చూశాను. బటన్ ఉంది గానీ వాటికి ఆరేళ్లు నిండాయి. వచ్చే చలికాలం తాజంగి వెళ్లేలోపు ఆ రెండూ మార్చాలని అదే అట్ట మీద కింద రాసిపెట్టాను.